మొదటి పేజీలో ఆరోపణ, ఏడో పేజీలో తీర్పు

(గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక విశ్రాంత సబ్ ఎడిటర్ చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ పెద్ద పెద్ద మాటలు వాడారు. వాటిలో సగానికి ఆధారాల్లేవు. ధ్రువీకరించకుండా వార్త వేయొద్దని చెప్పడానికి పిలిచిన మనిషి మీద ధ్రువీకరించని పొగడ్తలు కురిపించారు. పొగడ్తలు కాబట్టి ఖండన పంపను. తిట్లయితే పంపేవాణ్ణి. మనందరి బుద్ధీ అంతే కదా, నచ్చిన మాటకు ఆధారం అడగం.

ముందు ఒక ప్రశ్న. ఈ ఉదయం పేపరు చదివినవాళ్లు చెయ్యెత్తండి. మంచిది, చాలామందే ఉన్నారు. ఏ పేపరు చదివారో మాత్రం చెప్పకండి. చెబితే మీ ఓటు ఎవరికో పక్కవాళ్లకు తెలిసిపోతుంది. నవ్వుతున్నారు. ఈ మాటకు నవ్వు ఎందుకొస్తుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

రెండో ప్రశ్న. సెయింట్ కిట్స్ ఎక్కడుంది? అవును మాస్టారూ, కరీబియన్ సముద్రంలో. చిన్న ద్వీపం. దాని జనాభా మన దగ్గర ఒక మోస్తరు మున్సిపాలిటీకి సరిపోతుంది. ఇక్కడున్న పిల్లలకు ఆ పేరు తెలియకపోవచ్చు. యాభై దాటినవాళ్లకు మాత్రం తెలిసే ఉంటుంది. 1989లో ఆ ద్వీపం పేరు మన టీ కొట్ల దాకా వచ్చింది. ఎలా వచ్చిందో చెబుతాను. ఈ ఒక్క కథ సరిగ్గా అర్థమైతే ఇవాళ మీ ఫోనులోకి వచ్చే సగం వార్తలు అర్థమవుతాయి.

అప్పటికి బోఫోర్స్ గొడవ రెండేళ్లుగా నడుస్తోంది. 1987 ఏప్రిల్‌లో స్వీడిష్ రేడియో ఆ వార్త బయటపెట్టింది. స్వీడన్ కంపెనీ బోఫోర్స్ నుంచి మన సైన్యానికి కొన్న శతఘ్నుల బేరంలో ముడుపులు ముట్టాయని. రాజీవ్ గాంధీ ప్రభుత్వంలో ముందు ఆర్థికమంత్రిగా, తర్వాత రక్షణమంత్రిగా చేసిన వి.పి.సింగ్ బయటికొచ్చారు. 1988లో అలహాబాద్ ఉప ఎన్నికలో గెలిచారు. ప్రతిపక్షాల కూటమి నేషనల్ ఫ్రంట్ పుట్టింది. దానికి చైర్మన్ ఎవరు? మన ఎన్టీ రామారావు గారు. కన్వీనర్ వి.పి.సింగ్. ఊరూరా సభలు, ప్రతి సభలో బోఫోర్స్. వి.పి.సింగ్‌కు ఉన్న బలం ఒక్కటే, మిస్టర్ క్లీన్ అన్న పేరు. ఆయన దగ్గర డబ్బు లేదు, పాతుకుపోయిన పార్టీ లేదు. ఆ పేరు పోతే ఇక ఏమీ లేదు. కాబట్టి దెబ్బ కొట్టాలంటే ఎక్కడ కొట్టాలి? అక్కడే.

1989 ఆగస్టులో కువైట్ నుంచి వెలువడే అరబ్ టైమ్స్ పత్రికలో ఒక వార్త వచ్చింది. వి.పి.సింగ్ కుమారుడికి సెయింట్ కిట్స్‌లో ఫస్ట్ ట్రస్ట్ కార్పొరేషన్ అనే సంస్థలో ఖాతా ఉంది, అందులో 2 కోట్ల 10 లక్షల డాలర్లు ఉన్నాయి, ఆ డబ్బు చివరికి చేరేది తండ్రికే. ఇదీ వార్త. ఖాతా తెరిచింది 1986లో అట. 1986లో వి.పి.సింగ్ ఎవరు? దేశ ఆర్థికమంత్రి. కథ ఎంత చక్కగా అతికిందో చూడండి.

ఇప్పుడు మీరంతా సబ్ ఎడిటర్లు అనుకోండి. రాత్రి పది దాటింది. జిల్లా ఎడిషన్ వెళ్లిపోయింది, సిటీ ఎడిషన్ మిగిలింది. టెలిప్రింటర్ మీద ఈ ఐటం దిగింది. ఏం చేస్తారు? ఆపుతారా, వేస్తారా? నిజం చెప్పండి. వేస్తారు. ఎందుకంటే రేపు పొద్దున్న పక్క పేపర్లో వచ్చి మన దాంట్లో రాకపోతే ఎడిటర్ పిలుస్తాడు. తప్పుడు వార్త వేసినందుకు పిలిచే ఎడిటర్ కంటే వార్త మిస్సయినందుకు పిలిచే ఎడిటరే ఎక్కువ. డెస్కు మీద పనిచేసినవాడెవడైనా ఈ మాట ఒప్పుకుంటాడు.

పైగా మనస్సాక్షికి ఒక సర్దుబాటు ఉంది. మనం ఏం రాస్తున్నాం? 'అరబ్ టైమ్స్ పత్రిక వెల్లడించింది' అని. ఆ పత్రిక రాసిన మాట నిజమే కదా! కాబట్టి మన వాక్యంలో అబద్ధం లేదు. అసలు ఖాతా ఉందా లేదా అన్న ప్రశ్న మాత్రం కువైట్‌లోనే ఉండిపోయింది. దొంగబంగారం ఏం చేస్తారు? కరిగిస్తారు. ఒకసారి కరిగించి మళ్లీ నగ చేస్తే అది ఎవరి ఇంట్లోదో ఎవరూ గుర్తుపట్టలేరు. కువైట్‌లో జరిగింది అదే. ఢిల్లీలో పుట్టిన ఆరోపణ ఢిల్లీ పేపర్లో నేరుగా వస్తే 'ఎవరు రాయించారు' అని అడుగుతారు. కువైట్ వెళ్లి వస్తే అది విదేశీ పత్రిక కథనం. విదేశీ పత్రిక అంటే మనవాళ్లకు అదొక గౌరవం.

రెండో మెట్టు ఇంకా బాగుంటుంది. వార్త వచ్చింది కాబట్టి ప్రభుత్వం స్పందించాలి. ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ అధికారి విదేశం వెళ్లి కాగితాలు తెచ్చారు. దర్యాప్తు జరుగుతోంది అన్నది ఇంకో వార్త. కాగితాలు దొరికాయి అన్నది మరో వార్త. మొదటి వార్తకు రెండోది సాక్ష్యం, రెండోదానికి మొదటిది కారణం. గమనించండి, ఇప్పటిదాకా ఒక్కరు కూడా ఆ సంతకం నిజమా అని చూడలేదు!

అప్పుడు అడగాల్సిన ప్రశ్నలు ఏమిటి? పెద్ద తెలివితేటలు అక్కర్లేదు. ఆ కాగితం విలేకరి చేతికి ఎవరిచ్చారు? భారతదేశపు నాయకుడి మీద ఆరోపణ కువైట్‌లో ఎందుకు మొదలైంది? పార్లమెంటు ఎన్నికలు నవంబరులో, వార్త ఆగస్టులో, మూడేళ్ల నాటి ఖాతా ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చింది? సంతకం దేనితో పోల్చారు? ఆయన్ని అడిగారా? అడిగితే ఏమన్నాడు, అది ఎన్నో పేరాలో వేశారు? నేను చివరి ప్రశ్న దగ్గర ఎక్కువ పట్టుబడతాను. ఆరోపణ పదిహేను పేరాలు రాసి, పదహారో పేరాలో 'ఈ ఆరోపణలను ఆయన ఖండించారు' అని ఒక్క ముక్క వేస్తారు. స్థలం చాలకపోతే ముందు కోసేది ఆ పేరానే, ఎందుకంటే పేజీ పెట్టేవాడు కింద నుంచి కోస్తాడు.

ఎన్నికలు జరిగాయి. దేశంలో కాంగ్రెస్ ఓడిపోయింది, వి.పి.సింగ్ ప్రధాని అయ్యారు. మన దగ్గర తమాషా, ఫ్రంట్ చైర్మన్ గారి సొంత రాష్ట్రంలో 42 లోక్‌సభ స్థానాల్లో కాంగ్రెస్‌కు 39 వచ్చాయి. అంటే సెయింట్ కిట్స్ ఓట్లు తేలేదు, బోఫోర్స్ కూడా ఇక్కడ పనిచేయలేదు. 1990లో సీబీఐ కేసు పెట్టింది. ఆ కాగితాలు ఫోర్జరీ అని తేల్చింది.

ఇక్కడితో అయిపోతే మంచి నీతికథ. అయిపోలేదు. అసలు మలుపు ఇప్పుడే.

ఆ ఫోర్జరీ వెనక ఎవరున్నారని సీబీఐ అంది? తాంత్రికుడిగా పేరున్న చంద్రస్వామి, ఇంకొందరు, వాళ్లతో పాటు అప్పటి విదేశాంగమంత్రి. ఎవరు ఆ విదేశాంగమంత్రి? మన పి.వి.నరసింహారావు. న్యూయార్క్‌లోని మన కాన్సులేట్‌లో ఆ పత్రాల మీద ధ్రువీకరణ ఆయన చెబితేనే జరిగిందన్నది ఆరోపణ. ఛార్జిషీటు ఎప్పుడు వేశారు? 1996లో. ఆయన ప్రధానిగా ఉన్న ఐదేళ్లూ కదలని కేసు, దిగిపోయిన కొన్ని నెలలకే కదిలింది. 1997లో ఆధారాల్లేవని కోర్టు ఆయన్ని కేసు నుంచి తప్పించింది. 2004లో చంద్రస్వామి కూడా నిర్దోషి అయ్యారు. చివరికి మిగిలిందేమిటి? ఫోర్జరీ జరిగింది, ఎవరు చేశారో కోర్టులో రుజువు కాలేదు. ఒక అబద్ధంతో వి.పి.సింగ్ మీద బురద చల్లారు. ఆ బురద చల్లింది నువ్వేనంటూ పి.వి. మీద ఇంకో విడత చల్లారు. రెండు సందర్భాల్లోనూ పేపర్లు ఒకటే పని చేశాయి. చేతికొచ్చింది చేతికొచ్చినట్టు అచ్చేశాయి.

పి.వి. గారి సంగతి ఇంకొంచెం చెప్పనివ్వండి. ఇక్కడ చాలామందికి ఆయన అంటే అభిమానం. 1991లో తెలుగువాడు ప్రధాని అయ్యాడని నంద్యాల ఉప ఎన్నికలో ఎన్టీఆర్ పోటీ కూడా పెట్టలేదు. 1993 జూన్‌లో షేర్ల కుంభకోణం నిందితుడు హర్షద్ మెహతా ముంబైలో విలేకరుల ముందుకొచ్చి, ప్రధానికి కోటి రూపాయలు ఇచ్చానన్నాడు. సూట్‌కేసు చూపించాడు. ఇక ఆ సూట్‌కేసులో కోటి పడుతుందా పట్టదా అని దేశమంతా లెక్కలు. వంద నోట్లయితే ఎన్ని కట్టలు, ఐదొందలైతే ఎన్ని. మీలో ఎందరు ఆ లెక్క వేశారు? చూశారా, ఆ పెద్దాయన తలూపుతున్నారు! డబ్బు ఇచ్చాడా లేదా అన్న ప్రశ్న పోయి పెట్టె కొలతలు వార్త అయ్యాయి. ఆ ఆరోపణ ఎక్కడా రుజువు కాలేదు.

లఖూభాయ్ పాఠక్ కేసు. ఇంగ్లండులో పచ్చళ్ల వ్యాపారి. లక్ష డాలర్లకు మోసపోయానని, అందులో పి.వి.కి భాగం ఉందని ఆరోపణ. 1996లో ఈ కేసు గొడవలోనే ఆయన కాంగ్రెస్ అధ్యక్ష పదవి వదులుకోవాల్సి వచ్చింది. 2003 డిసెంబరులో కోర్టు నిర్దోషి అంది. సరిగ్గా ఏడాదికి, 2004 డిసెంబరు 23న ఆయన పోయారు.

మీకో పని చెబుతాను. ఇది లైబ్రరీ. పాత పేపర్ల బౌండ్లు అటక మీద ఎక్కడో ఉంటాయి, లైబ్రేరియన్ గారిని అడగండి. 1996 సెప్టెంబరు బౌండు, 2003 డిసెంబరు బౌండు రెండూ దింపండి. ఒకే మనిషి, ఒకే కేసు. ఆరోపణకు ఎన్ని కాలమ్‌లు ఇచ్చారు, తీర్పుకు ఎన్ని ఇచ్చారు, స్కేలు పెట్టి కొలవండి. నేను చెప్పను. మీరే కొలిచి గోడపత్రికలో పెట్టండి.

నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా, అని మీలో కొందరు అనుకుంటున్నారు. అనుకోండి, తప్పులేదు. జేఎంఎం, అంటే జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీల కేసు తీసుకోండి. 1993 జులైలో అవిశ్వాస తీర్మానం. ప్రభుత్వం 265, ఎదుటివాళ్లు 251. ఆ కొద్ది ఓట్లను కొన్నారని కేసు. 2000లో ప్రత్యేక కోర్టు పి.వి.కి మూడేళ్ల శిక్ష వేసింది. 2002లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. కానీ డబ్బు తీసుకుని ఓటేశారన్న ఎంపీల విషయంలో సుప్రీంకోర్టు 1998లో ఏమంది? సభలో వేసిన ఓటుకు రాజ్యాంగం 105వ అధికరణం రక్షణ ఉంది, విచారించలేం అంది. 2024 మార్చిలో ఏడుగురు జడ్జీల బెంచి ఆ తీర్పును తోసిపుచ్చింది. అంటే అది గాలిలోంచి పుట్టిన కేసు కాదు. పేపర్లు రాయకపోతే తప్పయ్యేది. అభిమానంతో పి.వి. మీద వచ్చిన ప్రతి వార్తనూ కుట్ర అనడం కూడా ఒక రకం పక్షపాతమే. మనవాడు కాబట్టి అబద్ధం, పరాయివాడు కాబట్టి నిజం. ఇదే కదా జబ్బు!

డైరీలో రెండక్షరాలు

ఇప్పుడు ఇంకో కథ. ఇందులో బాధితుడు వేరే పార్టీ. హవాలా కేసు. 1991లో వ్యాపారులైన జైన్ సోదరుల ఇళ్లలో, ఆఫీసుల్లో సీబీఐ సోదాలు చేసింది. డైరీలు, నోటు పుస్తకాలు, విడి కాగితాలు దొరికాయి. వాటిలో పొడి అక్షరాలు, పక్కన అంకెలు. ఆ అక్షరాలు ఫలానా నాయకుడివి, అంకెలు ఇచ్చిన డబ్బు. ఏళ్ల తరబడి ఏమీ జరగలేదు. కొందరు జర్నలిస్టులు పట్టువదలకుండా సుప్రీంకోర్టుకు వెళ్లారు, వినీత్ నారాయణ్ పేరు మీదే ఆ కేసు ఉంది. వాళ్లు చేసింది నిజమైన జర్నలిజం. దర్యాప్తు చేయండి అని అడిగారు.

1996 జనవరిలో ఛార్జిషీట్లు వచ్చాయి. అద్వానీ లోక్‌సభకు రాజీనామా చేశారు, నిర్దోషి అయ్యేదాకా సభలో అడుగుపెట్టను అన్నారు. మాధవరావు సింధియా, వి.సి.శుక్లా, బలరాం జాఖడ్ మంత్రి పదవులు వదిలేశారు. ఆ రోజుల్లో పేపర్లు పట్టికలు వేశాయి. పేరు, పక్కన మొత్తం. పట్టిక వేశాక ఇక అందులో 'ఆరోపణ' అన్న మాటకు చోటెక్కడుంది? పట్టిక అంటే లెక్క తేలిందనే జనం అనుకుంటారు. టెన్త్ రిజల్ట్స్ చూసినట్టు చూశారు.

1997 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు అద్వానీ, శుక్లా మీద కేసు కొట్టేసింది. 1998 మార్చిలో సుప్రీంకోర్టు అదే నిలబెట్టింది. ఒకడు తన పుస్తకంలో మీ పేరు రాసుకున్నంత మాత్రాన మీరు డబ్బు తీసుకున్నట్టు కాదు, దాన్ని బలపరిచే వేరే సాక్ష్యం కావాలి అంది. ఇందులో కొత్త న్యాయసూత్రం ఏమైనా ఉందా? 1872 నాటి సాక్ష్య చట్టం 34వ సెక్షన్ చెప్పింది అదే. వందేళ్లకు పైగా పుస్తకంలో ఉన్న మాట. పట్టిక వేసే ముందు ఒక ఊళ్లో వకీలును అడిగినా చెప్పేవాడు.

అయితే అందరూ కడిగిన ముత్యాలేనా? ఏమో! దర్యాప్తు సంస్థలు తమ పని సరిగ్గా చేయలేదని అదే సుప్రీంకోర్టు 1997 డిసెంబరులో తలంటింది. రుజువు కాలేదంటే జరగలేదని కాదు. రుజువు కాకపోతే జరిగిందనీ కాదు. ఈ రెండు వాక్యాలూ ఒకేసారి మనసులో పెట్టుకోవడం కష్టం. కానీ పేపరు పని అదే.

కేరళ సంగతి క్లుప్తంగా చెబుతాను, టైం చూసుకోమని కార్యదర్శి గారు సైగ చేస్తున్నారు. 1994లో ఇస్రో గూఢచర్యం కేసు. క్రయోజెనిక్ ఇంజిన్ డ్రాయింగులు అమ్మేశారని. శాస్త్రవేత్త నంబి నారాయణన్ జైలుకెళ్లారు. ఒక పోలీసు అధికారిని కాపాడుతున్నాడంటూ ముఖ్యమంత్రి కరుణాకరన్ మీద ప్రత్యర్థులు విరుచుకుపడ్డారు. పేపర్లు ఆ కేసులో అరెస్టయిన మాల్దీవుల మహిళ చుట్టూ సీరియళ్లు అల్లాయి. 1995 మార్చిలో కరుణాకరన్ రాజీనామా చేశారు. 1996లో సీబీఐ అంది, అసలు గూఢచర్యమే జరగలేదని. 2018లో సుప్రీంకోర్టు నంబి నారాయణన్‌కు 50 లక్షల పరిహారం ఇప్పించింది. అప్పటికి కరుణాకరన్ పోయి దాదాపు ఎనిమిదేళ్లు. ఆయన పదవి తీసేయడంలో సొంత పార్టీలో ప్రత్యర్థుల హస్తం కూడా తక్కువేమీ కాదు. ఇది గుర్తుపెట్టుకోండి, బురద ఎప్పుడూ ఎదుటి పార్టీ నుంచే రాదు. పక్క కుర్చీ నుంచీ వస్తుంది.

అయితే రాయొద్దంటారా?

ఒకమ్మాయి ఇందాక చీటీ పంపింది. 'ఇన్ని చెబుతున్నారు, కోర్టు తీర్పు వచ్చేదాకా పేపర్లు నోరు మూసుకోవాలా?' అని. మంచి ప్రశ్న అమ్మా. అక్కర్లేదు. మూసుకుంటే బోఫోర్సే బయటికి వచ్చేది కాదు.

బోఫోర్స్‌లోనే రెండు రకాల పనీ కనిపిస్తుంది. చిత్రా సుబ్రమణ్యం, ఎన్.రామ్ 'ది హిందూ'లో వేసిన పత్రాలు చూడండి. కాగితం ఎక్కడిది, దాని మీద ఏముంది, ఏ చెల్లింపు ఏ ఖాతాకు వెళ్లింది, పత్రం చెప్పినంతవరకే వార్త. పత్రం ఆగినచోట వార్త ఆగింది. ఆ పత్రాలు ఫోర్జరీ అని ఎవరూ నిరూపించలేకపోయారు. అదే బోఫోర్స్‌లో అమితాబ్ బచ్చన్ పేరు ఎలా వచ్చింది? అప్పట్లో ఆయన అలహాబాద్ ఎంపీ. 1987లో రాజీనామా చేసి రాజకీయాలు వదిలేశారు. ఆయన కుటుంబం మీద రాసిన స్వీడిష్ పత్రిక మీద లండన్‌లో దావా వేస్తే ఆ పత్రిక క్షమాపణ చెప్పింది. 2012లో స్వీడన్ మాజీ పోలీసు అధికారి స్టెన్ లిండ్‌స్ట్రోమ్ బయటపడ్డారు, పత్రాలు బయటపెట్టింది నేనే అని. బచ్చన్ పేరును భారత్ నుంచి వచ్చిన దర్యాప్తువాళ్లు ఇరికించారని ఆయనే చెప్పారు. రాజీవ్ గాంధీ లంచం తీసుకున్నట్టు ఆధారం లేదన్నారు, కానీ దోషులను కాపాడుతుంటే చూస్తూ ఊరుకున్నారనీ అన్నారు. చూడండి, ఎంత సన్నటి గీత! తీసుకోవడం వేరు, కప్పిపుచ్చుతుంటే చూడటం వేరు. 'గలీ గలీ మే షోర్ హై, రాజీవ్ గాంధీ చోర్ హై', అంటే వీధివీధినా గోల, రాజీవ్ దొంగ అన్న నినాదంలో ఆ గీతకు చోటు లేదు. 2004 ఫిబ్రవరిలో ఢిల్లీ హైకోర్టు రాజీవ్ మీద లంచం ఆరోపణను కొట్టేసింది. ఆయన పోయి అప్పటికి పన్నెండేళ్లు దాటింది.

ఇంకో తప్పుదారి కూడా ఉంది. బురద చల్లుతున్నారు కాబట్టి పేపర్ల నోరు కట్టేద్దాం అని ప్రభుత్వాలకు ఎప్పుడూ ఉంటుంది. 1988లో రాజీవ్ ప్రభుత్వం పరువునష్టం బిల్లు తెచ్చింది. లోక్‌సభలో పాసైంది కూడా. జర్నలిస్టులు రోడ్డెక్కితే వెనక్కి తీసుకుంది. మన దగ్గర 2007లో రాజశేఖరరెడ్డి గారి ప్రభుత్వం 938 జీవో ఇచ్చింది, ప్రభుత్వంపై తప్పుడు వార్తలు రాస్తే అధికారులు కేసులు పెట్టొచ్చని. గొడవైతే వెనక్కి తగ్గింది. 2019లో జగన్ గారి ప్రభుత్వం 2430 జీవో ఇచ్చింది, అలాంటిదే. 2014లో తెలంగాణలో రెండు చానళ్లు కేబుల్లోంచి మాయమయ్యాయి. 2024లో ఆంధ్రలో ప్రభుత్వం మారగానే నాలుగు చానళ్లు రావడం ఆగిపోయాయి. ఏ పార్టీని వదిలిపెట్టానో చూసుకోండి, వదిలితే చీటీ పంపండి. అధికారం చేతిలో ఉన్నవాడు 'తప్పుడు వార్త' అన్నాడంటే ఆ వార్తలో నిజం కూడా ఉండే అవకాశం బాగానే ఉంటుంది.

ఇక మొదట్లో నవ్విన సంగతి. మన రాష్ట్రాల్లో ప్రతి పేపరుకూ, ప్రతి చానల్‌కూ ఒక జెండా ఉందని అందరికీ తెలుసు. 'ఆ రెండు పత్రికలు' అని ఒక ముఖ్యమంత్రి సభల్లో అనేవారు, జనం చప్పట్లు కొట్టేవారు. ఇవాళ పేర్లు మారాయి గానీ ఆ మాట అలాగే ఉంది. చాలామంది ఏం చేస్తారు? రెండు పేపర్లూ తెప్పించుకుని సగటు తీస్తారు. ఒకడు ఐదొందల కోట్ల కుంభకోణం అంటాడు, ఇంకోడు అసలేమీ లేదంటాడు, కాబట్టి రెండొందల యాభై కోట్లు తిని ఉంటాడు అనుకుంటారు. నవ్వకండి, నేను ఎన్నో పెళ్లిళ్లలో విన్నాను ఈ లెక్క. రెండు అబద్ధాల సగటు నిజం ఎలా అవుతుందండీ?

పక్షపాతం అంటే అబద్ధం రాయడమే అనుకోకండి. రాయకుండా ఉండటం ఇంకా తేలిక. మన పార్టీవాడి మీద కేసు పడితే లోపలి పేజీలో సింగిల్ కాలమ్, ఎదుటివాడి మీద పడితే బ్యానర్. అరెస్టు వార్తకు ఫొటో, బెయిలు వార్తకు ఫొటో లేదు. 'విశ్వసనీయ వర్గాల భోగట్టా', 'అభిజ్ఞవర్గాల కథనం' అంటారు. ఆ వర్గం ఒక్కోసారి టేబుల్ అవతల కూర్చున్న ఇంకో సబ్ ఎడిటర్. ఇక 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని వార్తలు వేసిన సంగతి మన జర్నలిస్టుల యూనియనే పశ్చిమ గోదావరిలో సర్వే చేసి బయటపెట్టింది. పత్రికల తీరు మీద ఫిర్యాదులు విచారించే ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో ఉపసంఘం వేసింది, అందులో ఒకరు మన కె.శ్రీనివాసరెడ్డి. వాళ్లు పేర్లతో సహా రిపోర్టు రాస్తే కౌన్సిల్ 2010లో పేర్లు తీసేసిన పొట్టి రిపోర్టు విడుదల చేసింది. పూర్తిది సమాచార కమిషన్ చెబితే తప్ప బయటికి రాలేదు. రాజకీయ నాయకుల పేర్లు పొడి అక్షరాల నుంచి ఊహించి పట్టికలు వేసినవాళ్లం, మన పేర్లు వచ్చేసరికి ఆధారాలు చాలవన్నాం!

ఇప్పుడు సెయింట్ కిట్స్ అంత కష్టం కూడా అక్కర్లేదు. కువైట్ వెళ్లక్కర్లేదు. 2023 ఏప్రిల్‌లో చేవెళ్ల సభలో అమిత్ షా మాట్లాడారు. మేం వస్తే ముస్లిం రిజర్వేషన్లు తీసేస్తాం అన్నారు. ఏడాది తర్వాత, 2024 ఎన్నికల మధ్యలో, ఆ వీడియోను కత్తిరించి ఎస్సీ, ఎస్టీ, బీసీ రిజర్వేషన్లన్నీ తీసేస్తానన్నట్టు చేశారు. ఢిల్లీ పోలీసులు హైదరాబాద్ దాకా వచ్చారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డికి నోటీసు ఇచ్చారు, తనకు సంబంధం లేదని ఆయన అన్నారు. అసలు ప్రసంగం మీద విమర్శించాలంటే విమర్శించొచ్చు, అందులో ఉన్నదే చాలామందికి అభ్యంతరం. లేనిది ఎందుకు కలపాలి? అవతలి వైపు చూడండి. 2022 జులైలో ఒక జాతీయ హిందీ చానల్ రాహుల్ గాంధీ మాట ఒకటి వేసింది. వయనాడ్‌లో తన ఆఫీసు మీద దాడి చేసిన కుర్రాళ్ల గురించి, వాళ్లు పిల్లలు, క్షమిస్తున్నాను అన్నారాయన. దాన్ని ఉదయ్‌పూర్‌లో ఒక దర్జీని చంపిన హంతకుల గురించి అన్నట్టు చూపించారు. మర్నాడు క్షమాపణ చెప్పారు. క్లిప్పు ఎన్ని గ్రూపులకు వెళ్లింది, క్షమాపణ ఎన్ని గ్రూపులకు వెళ్లింది? మీ ఫోనులో ఏది ఉందో చూసుకోండి.

పిల్లలు అడుగుతున్నారు, మేమేం చేయాలని. కత్తిరించిన క్లిప్పు వస్తే పూర్తి ప్రసంగం వెతకండి, పది నిమిషాల పని. కాగితం ఫొటో వస్తే తేదీ, సీలు, సంతకం ఎవరిదో చూడండి. ఎవరికి లాభం, ఇవాళే ఎందుకు వచ్చింది అని అడగండి. పేపర్లో తప్పు వస్తే ముందు ఎడిటర్‌కు ఉత్తరం రాయండి. వేయకపోతే దినపత్రిక విషయంలో రెండు నెలల్లోపు ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. కౌన్సిల్ ఏం చేస్తుంది? మందలిస్తుంది, అభిశంసిస్తుంది. జరిమానా లేదు, జైలు లేదు. కోరలు లేవని అందరూ అంటారు, నిజమే. కానీ ఫిర్యాదు వెళితే డెస్కులో ఫైలు తెరుస్తారు, వివరణ రాయమంటారు. వివరణ రాయడమంటే సబ్ ఎడిటర్‌కు ఎంత టెన్షనో నాకు తెలుసు. మరుసటి రాత్రి వాడు ఒక ఫోను ఎక్కువ చేస్తాడు. టీవీ అయితే ప్రెస్ కౌన్సిల్ పరిధిలోకి రాదు. ముందు ఏడు రోజుల్లోపు ఆ చానల్‌కే రాయాలి, తర్వాత చానళ్ల సంఘం పెట్టుకున్న ఎన్‌బీడీఎస్ఏ అనే ఫిర్యాదుల సంస్థకు. అదీ సభ్యత్వం ఉన్న చానళ్లకే. చాలా యూట్యూబ్ చానళ్లకు ఆ దారి కూడా లేదు.

నేను ఇక ఆపుతాను. ప్రశ్నలు అడగండి. ఆ వెనక వరసలో నీలం చొక్కా బాబుకు మైకు ఇవ్వండి, ఆయన ఇందాకటి నుంచి ఏదో ఒక పేపరు పేరు చెప్పాలని తెగ ఉబలాటపడుతున్నారు.